ఎవరికీ ఏమీ కాకుండా కొన్నాళ్లు

అక్టోబర్ నెల, ఆదివారం మధ్యాహ్నం. వర్జీనియాలో షెనాండోవా కొండల మీద స్కైలైన్ డ్రైవ్‌లో కార్లు ఒకదాని వెనక ఒకటి నత్తనడక నడుస్తుంటాయి. ఆకులు ఎర్రబడ్డాయని వాట్సాప్‌లో ఓ ఫొటో తిరిగితే చాలు, వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు రెండు మూడు కలిసి బయల్దేరతాయి. వ్యూ పాయింట్ దగ్గర కారు డిక్కీ తెరిస్తే పులిహోర, పెరుగన్నం, జంతికల డబ్బా. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకి శాలువా కప్పి, రాతి గోడ మీద కూర్చోబెట్టి ఫొటోలు. ఒకరు “ఇక్కడ సిగ్నల్ లేదేంట్రా” అంటారు. ఇంకొకరు ఫ్లాస్కు ఊపి చూసి టీ ఇంకా ఉందంటారు.

అదే పార్కింగ్ పక్కన పొదలు దాటి నాలుగడుగులు వేస్తే ఒక చెట్టు, దాని బోదె మీద తెల్లరంగు పట్టీ. రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. కింద ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నటి కాలిబాట. ఆ పట్టీలను పట్టుకుని దక్షిణంగా పోతే జార్జియాలో స్ప్రింగర్ కొండ వస్తుంది, ఉత్తరంగా పోతే మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ శిఖరం. అపలాచియన్ ట్రెయిల్ అంటే ఇదే. 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు. ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే ఊపులో నడిచేవాళ్లకు అయిదు నుంచి ఏడు నెలలు పడుతుంది. అలా బయల్దేరినవాళ్లలో చివరిదాకా వెళ్లేది నలుగురిలో ఒక్కరు.

నడిచేవాళ్లలో చాలామంది ఒంటరిగానే వస్తారు. కారులో ఆరుగురం ఇరుక్కుని వచ్చిన మనకు వింతగా తోచేది అదే. కొండలంటే సరే, నడకంటే సరే, తోడు లేకుండా ఎందుకు? వాళ్లను అడిగితే తరచూ వినిపించే జవాబు, నన్ను నేను తెలుసుకోవడానికి అని. ఆ మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మనం ఎలాంటివాళ్లమో తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు, ఇంట్లోవాళ్లు రోజూ చెబుతూనే ఉంటారు. నాకు అర్థమైనంతవరకు అడవిలో ఒంటరి నడక ఇచ్చే సుఖం వేరు. కొన్నాళ్లపాటు మనం ఎవరికీ ఏమీ కాము. అయితే ఆ సుఖం చెట్టుకు కాసింది కాదు. చాలామంది కూడి, కొట్లాడుకుని, కొందరి ఉసురు పోసుకుని మరీ తయారు చేసింది.

యుద్ధం నుంచి ఒకడు, ఇంటి నుంచి ఒకామె

ఈ బాట ఆలోచన బెంటన్ మకై అనే అటవీ నిపుణుడిది. 1921 ఏప్రిల్‌లో ఆయన భార్య న్యూయార్క్‌లో నదిలో పడి ప్రాణం తీసుకుంది. మకై ఊరొదిలి న్యూజెర్సీలో స్నేహితుడి దగ్గరకు చేరాడు. ఆ ఎడబాటులోనే పథకం రాశాడు. అదే ఏడాది అక్టోబర్‌లో వాస్తుశిల్పుల పత్రికలో అది అచ్చయింది. భార్య పోయిన మనిషి కొండల్లో ఒంటరి బాట గీశాడంటే కథ చక్కగా అతుకుతుంది. కానీ ఆయన రాసింది అది కాదు. కొండల పొడవునా శిబిరాలు, వాటి చుట్టూ సహకార పల్లెలు, పొలాలు. తూర్పుతీరపు ఫ్యాక్టరీ పట్నాల్లో నలిగిపోతున్న కార్మికులు అక్కడికొచ్చి నలుగురితో కలిసి బతకాలని ఆయన కల. పల్లెలు రాలేదు, బాట మాత్రం వచ్చింది. దాన్ని నేల మీదికి తెచ్చినవాడు మైరన్ ఏవరీ అనే లాయరు. సైకిలు చక్రంలాంటి కొలత చక్రాన్ని తోసుకుంటూ బాటంతా కొలిచినవాడాయన. 1937 ఆగస్టులో మెయిన్‌లో ఆఖరి ముక్క పూర్తయింది.

అప్పటికి దీన్ని ఒక్క బిగిన నడవొచ్చని ఎవరూ గట్టిగా అనుకోలేదు. వారాంతాల్లో వచ్చి తలో ముక్కా నడిచి వెళ్లడానికే అనుకున్నారు. 1948లో పెన్సిల్వేనియా కుర్రాడు ఎర్ల్ షాఫర్ ఏప్రిల్‌లో జార్జియాలో మొదలుపెట్టి ఆగస్టు 5న కటాడిన్ ఎక్కాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసి వచ్చినవాడు. చిన్ననాటి స్నేహితుడు వాల్టర్‌తో కలిసి ఈ బాట నడవాలని యుద్ధానికి ముందు అనుకున్నాడు. వాల్టర్ ఇవో జిమా దీవిలో చనిపోయాడు. సైన్యాన్ని ఒంట్లోంచి నడిచి వదిలించుకోవడానికే బయల్దేరానని షాఫర్ తర్వాత చెప్పుకున్నాడు. అంటే అతని ఒంటరితనం కోరి తెచ్చుకున్నది కాదు. ఇద్దరి కోసం వేసుకున్న ప్రయాణంలో ఒకడే మిగిలాడు. నడిచానని చెబితే బాట నిర్వాహకులే మొదట నమ్మలేదు. 50 ఏళ్ల తర్వాత, 1998లో, 79 ఏళ్ల వయసులో మళ్లీ మొత్తం నడిచాడు.

ఎమ్మా గేట్‌వుడ్ కథ నాకు ఇంకా దగ్గరగా తగులుతుంది. ఒహాయో రాష్ట్రంలో పొలం పనులు చేసుకునే మనిషి. 11 మంది పిల్లల తల్లి. మొగుడు కొట్టేవాడు. కొట్టడమంటే మాటవరసకు కాదు, పళ్లు ఊడేలా, పక్కటెముకలు విరిగేలా. దెబ్బలు తట్టుకోలేనప్పుడు ఇంటి వెనక అడవిలోకి పోయి కూర్చునేది. ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేశాక విడాకులు దొరికాయి. పిల్లలంతా పెద్దవాళ్లయ్యాక, ఎక్కడో నేషనల్ జియోగ్రాఫిక్ పాత సంచికలో ఈ బాట గురించి చదివింది. 1954లో మెయిన్ వైపు నుంచి మొదలుపెట్టి దారి తప్పింది, కళ్లద్దాలు విరిగాయి, రేంజర్లు ఇంటికి పొమ్మన్నారు. మరుసటి ఏడాది మే నెలలో ఈసారి జార్జియా నుంచి బయల్దేరింది. వయసు 67. నడకకు పోతున్నానని మాత్రమే పిల్లలకు చెప్పింది. ఎంత దూరమో చెప్పలేదు.

ఆమె సామాను చూస్తే ఇప్పటి నడకగాళ్లు సిగ్గుపడాలి. సొంతంగా కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుంది. కాళ్లకు మామూలు కెడ్స్ బూట్లు. గుడారం లేదు, వానొస్తే కప్పుకోవడానికి స్నానాలగది కర్టెన్. సంచి మొత్తం పది కిలోలు కూడా తూగదు. షెల్టర్ దొరకని రాత్రి ఆకులు పోగేసుకుని పడుకునేది, ఆకలేస్తే దారిలో కనబడ్డ ఇంటి తలుపు తట్టేది. వర్జీనియా చేరేసరికి పత్రికలవాళ్లు పసిగట్టేశారు. అక్కడి నుంచి ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు కెమెరాతో సిద్ధం. సెప్టెంబర్ 25న కటాడిన్ ఎక్కింది. బాటను ఒంటరిగా ఒక్క బిగిన పూర్తిచేసిన తొలి మహిళ. ఆ తర్వాత 1957లో మళ్లీ నడిచింది. 1964 నాటికి ముక్కలు ముక్కలుగా మూడోసారి కూడా ముగించింది.

ఎందుకు నడిచారని అడిగినవాళ్లకు సరదాకని, అనిపించిందని ఏదో ఒకటి చెప్పేది. మొగుడి సంగతి విలేకరులకు చెప్పలేదు. ఆడది ఒంటరిగా అడవిలో తిరగడం ప్రమాదం కాదా అని వాళ్లు అడుగుతుంటే ఆమె మనసులో ఏమనుకుందో మనకు తెలియదు. ఆమె ఒంటి మీద దెబ్బలన్నీ మాత్రం నాలుగు గోడల మధ్య, తాళి కట్టినవాడి చేతుల్లో తగిలినవే. ఎలుగుబంట్లవి కావు.

తల ఖాళీ అవడానికి టైం పడుతుంది

నేను నడిచింది షెనాండోవా పార్కులో ఉన్న ముక్క. సుమారు 160 కిలోమీటర్లు ఉంటుంది. దక్షిణపు కొసన రాక్‌ఫిష్ గ్యాప్ దగ్గర రోడ్డు దిగి లోపలికి నడిస్తే అడవి వెంటనే ఏకాంతం ఇచ్చేస్తుందనుకోకండి. మొదటి పూటంతా తలలో సంతే. మూడు నెలల కిందట మీటింగులో నోటికి రాని జవాబు ఇప్పుడు అద్భుతంగా వస్తుంది. బావమరిదికి ఇచ్చిన అప్పు, ఇంటి లోను వడ్డీ, పాప స్కూలు ఫారం, అన్నీ వంతులవారీగా వచ్చి మాట్లాడతాయి. ఒక ఎక్కుడులో గట్టిగా వాదించుకుంటూ వెళ్తున్న నన్ను చూసి, ఎదురుగా దిగుతున్న ఓ పెద్దాయన పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

తర్వాత శరీరం ముందుకొస్తుంది. ఎడమ మోకాలు. భుజం మీద పట్టీ ఒరుసుకుంటున్న చోటు. తర్వాతి ఊట ఎంత దూరం, ఎండాకాలం చివర కదా, నీళ్లుంటాయా. మేజోళ్లు ఆరాయా. పిడుదులు పాకాయేమోనని సాయంత్రం పూట పిక్కలు తడిమి చూసుకోవడం తప్పదు, వాటి కాటుతో లైమ్ జబ్బు వస్తుంది ఇక్కడ. ఇలాంటి చిన్న చిన్న పనులు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే పెద్ద ఆలోచనలకు చోటు చాలదు. ఆలోచన ఆగిపోవడం అంటూ ఏమీ ఉండదు. సన్నబడుతుంది, అంతే.

సాయంత్రం షెల్టర్ దగ్గరి పని ఒకటి చెప్పాలి. షెనాండోవాలో వీటిని హట్ అంటారు. మూడువైపులా గోడలు, నాలుగోవైపు బార్లా తెరిచి ఉంటుంది. ముందర ఓ పొడవాటి ఇనుప స్తంభం, దాని నెత్తిన కొక్కేలు. తిండి సంచిని ఎలుగుబంటికి అందకుండా ఆ కొక్కేనికి తగిలించాలి. అందుకు ఒక బరువైన కడ్డీ ఉంటుంది, కొసన పంగ. చిన్నప్పుడు దోటీతో మామిడికాయలు కోసినవాళ్లకు ఇది తలకిందుల పని, కోయడానికి బదులు కాయను కొమ్మకు తగిలించాలి. రోజంతా నడిచిన చేతులు వణుకుతుంటాయి. సంచి గిర్రున తిరుగుతుంది. కొక్కెం దాకా వెళ్లి జారి, మళ్లీ మొదటికి. పక్కనెవరైనా ఉంటే నవ్వేవాళ్లు, లేదా ఇలా తే అని లాక్కునేవాళ్లు. ఎవరూ లేరు కాబట్టి ఎంతసేపు పట్టినా అది నా పనే. ఆ సంచిలో ఉన్నది వేయించి పోపు కలిపిన రవ్వ, పుట్నాల పొడి, నాలుగు నువ్వుండలు. మరిగే నీళ్లు పోసి మూత పెడితే ఉప్మా. ఎంత ఉప్పు తక్కువైనా వంక పెట్టడానికి మనిషి లేడు.

ఎవరికీ ఏమీ కాకపోవడం అన్నది ఇదే. ఇంట్లో ఉన్నంతసేపు మనిషి నాన్న, అల్లుడు, బాబాయ్, ఆఫీసు ఫోన్ ఎత్తాల్సినవాడు. ఇవన్నీ ఇష్టమైనవే కావచ్చు. కానీ వీటిలో ప్రతిదీ ఒక సమాధానం అడుగుతుంది. ఎందుకు ఆలస్యమైంది, ఎందుకు తినలేదు, ఏమాలోచిస్తున్నావు. అడవిలో పొద్దున పది గంటలకు భోజనం చేసినా, ఘంటసాల పాటను శ్రుతి తప్పి అరిచినా, గంటసేపు రాయి మీద ఊరికే కూర్చున్నా లెక్క చెప్పాల్సిన పని లేదు. మనుషులు ఎదురైనా ఈ హాయి చెడదు. బాట మీద ఎవరూ అసలు పేరు, ఉద్యోగం, జీతం అడగరు. ఎవరో పెట్టిన ముద్దుపేరుతోనే నెలల తరబడి చలామణీ అవుతారు. షెనాండోవాలో అయితే ఏకాంతం మధ్యమధ్యలో స్కైలైన్ డ్రైవ్ పక్కన దుకాణం కూడా తగులుతుంది. అక్కడ బ్లాక్‌బెర్రీ మిల్క్‌షేక్ దొరుకుతుంది. సన్యాసం తీసుకున్నంత పోజు పెట్టి నడిచేవాళ్లు కూడా అక్కడ వరసలో నిలబడతారు.

విసుగు కూడా పుడుతుంది. అది దాచి రాసేవాళ్లను నమ్మకండి. ఈ బాటకు పచ్చ సొరంగమని ఎగతాళి పేరుంది, గంటల తరబడి ఆకుల కింద నడవడమే తప్ప దూరదృశ్యాలు ఎప్పుడో గానీ రావు. మామూలుగా మనిషికి ఆ విసుగు ఎంత భయమో చూపిన ప్రయోగం ఒకటి ఈ కొండల పక్కనే, షార్లట్స్‌విల్‌లోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో జరిగింది. 2014లో సైన్స్ పత్రికలో అచ్చయింది. ఫోన్ లేకుండా, పుస్తకం లేకుండా పావుగంట గదిలో ఒంటరిగా కూర్చోమన్నారు. కావాలంటే మీట నొక్కి తమకు తామే కరెంటు షాకు ఇచ్చుకోవచ్చన్నారు. ఆ షాకు ఎలా ఉంటుందో ముందే రుచి చూపించారు కూడా. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు నొక్కేశారు. ఒక మహానుభావుడు 190 సార్లు నొక్కితే ఆయన్ను లెక్కలోంచి తీసేయాల్సొచ్చింది. గదిలో పావుగంట భరించలేని మనిషి అడవిలో వారాల తరబడి ఎలా ఉంటాడంటే, గదిలో కాళ్లకు పని లేదు. నడిచేవాడికి ప్రతి అడుగూ ఎక్కడ వేయాలో చూసుకోవాలి. రాయి కదులుతుందా, వేరు తడిగా ఉందా. మనసుకు కాపలా కాళ్లే.

చట్టం పుస్తకంలో ఏకాంతం

స్కైలైన్ డ్రైవ్ వేసినప్పుడు మకైకి, ఏవరీకి చెడింది. 1930ల్లో కొండ నెత్తి మీదుగా కారు రోడ్డు వేస్తూ ప్రభుత్వం బాటను పక్కకు జరపమంది. ఇవాళ్టికీ బాట ఆ రోడ్డును పాతికసార్లకు పైగా దాటుతుంది. సర్కారుతో సర్దుకుపోతేనే బాట పూర్తవుతుందని ఏవరీ వాదన. కొండ నెత్తిన మోటారు పోయాక అక్కడ ఇంకేం మిగులుతుందని మకై కోపం. ఉత్తరాల్లో ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకున్నారు, ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఎవరిది న్యాయం? ఏవరీ లేకపోతే నడవడానికి బాటే లేదు. అయినా సెలవురోజు ఆ రోడ్డు పక్కన మోటార్‌సైకిళ్ల మోత వింటూ నడిచినవాణ్ని కాబట్టి నా ఓటు మకైకే.

ఆ కోపం ఊరికే పోలేదు. 1935లో మకై, మరికొందరు కలిసి వైల్డర్‌నెస్ సొసైటీ పెట్టారు. అందులో కార్యదర్శిగా పనిచేసిన హోవర్డ్ జానైజర్ 1950ల్లో అరణ్యాలను కాపాడే ఒక చట్టం రాయడం మొదలుపెట్టాడు. 66 ముసాయిదాలు మారాయి. 1964 మే నెలలో ఆయన చనిపోయాడు. నాలుగు నెలల తర్వాత, సెప్టెంబర్ 3న, అధ్యక్షుడు జాన్సన్ దాని మీద సంతకం చేశాడు. ఆ చట్టం అరణ్యానికి ఇచ్చిన నిర్వచనంలో చెట్లు, జంతువులతోపాటు ఇంకోటి ఉంది. మనిషికి ఏకాంతమో, ఆదిమ రీతి విహారమో పుష్కలంగా దొరికే అవకాశం ఉండాలి. మనుషులకు నీళ్లు, రోడ్లు, కరెంటు ఇస్తామన్న చట్టాలు చూశాం. ఎవరూ లేకపోవడాన్ని ఇస్తామన్న చట్టం ఇది.

చట్టంలో రాశాక అధికారులకు కొలవక తప్పదు. కొలుస్తారు కూడా. ఒక పూటలో బాట మీద ఎన్ని బృందాలు ఎదురయ్యాయి, మకాం నుంచి ఇంకొకరి గుడారం కనబడుతోందా అని లెక్క రాసుకుంటారు. షెనాండోవా అడవిలో రాత్రి ఉండాలంటే ముందుగా అనుమతి కావాలి, ఒక బృందంలో పది మందికి మించకూడదు, తారు రోడ్డుకు పావు మైలు లోపు గుడారం వేయకూడదు. ఇక చెట్లకు ఆ తెల్ల పట్టీలు వేసేది, పడిన మానులు కోసి దారి తీసేది జీతగాళ్లు కారు. ముప్పై దాకా ఉన్న క్లబ్బుల వలంటీర్లు తలో ముక్కా పంచుకుని సెలవు రోజుల్లో రంపాలు పట్టుకుని వస్తారు. నేను ఒంటరిగా నడిచానని గొప్పగా చెప్పుకునే ప్రతి మైలు వెనకా ఇంత గుంపు ఉంది.

గుంపులో ఇంకొందరు ఉన్నారు, వాళ్లు ఇష్టపడి చేరినవాళ్లు కారు. షెనాండోవాలో నడుస్తుంటే చెట్ల మధ్య ఒక్కోచోట పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంటుంది, ఇల్లు ఉండదు. ఎవరూ నాటనట్టు అడవిలో ఆపిల్ చెట్టు. నాచు పట్టిన సమాధి రాళ్లు. ఒకప్పుడు మొనకన్ తెగవాళ్లు తిరిగిన ఈ కొండల్ని తెల్లవాళ్లు నరికి పొలాలు చేశారు. పార్కు కావాలనుకున్నప్పుడు వర్జీనియా ప్రభుత్వం 1928లో ప్రత్యేక చట్టం చేసి ఆ రైతుల భూముల్ని మూకుమ్మడిగా తీసుకుంది. 450కి పైగా కుటుంబాలు కొండ దిగాయి. ముసలివాళ్లను కొద్దిమందిని మాత్రం బతికినన్నాళ్లు ఉండనిచ్చారు. 1935 డిసెంబర్‌లో పార్కు ఏర్పడింది. పొలాల మీద అడవి మళ్లీ మొలిచింది. 1976లో అందులో దాదాపు 80 వేల ఎకరాలను అరణ్యంగా ప్రకటించారు. ఆదిమ అడవి అని మనం మురిసిపోయే చెట్లలో చాలావాటి వయసు మన తాతయ్యల వయసే.

ఇది చదువుతుంటే నల్లమల గుర్తుకు రాకపోతే తప్పు. పులుల అభయారణ్యం కోసం చెంచు పెంటల్ని బయటికి తరలించే మాట దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది. పులికి మనిషి అలికిడి లేని చోటు కావాలన్న వాదనలో బలముంది. కానీ చెంచులు పోయాక ఆ అడవిని చూసి ఎంత నిర్మానుష్యంగా ఉందోనని మురిసే టూరిస్టు ఒకడు తప్పకుండా వస్తాడు. వాడికి ఆ పొగగొట్టాలు చూపించాలి.

దారి తప్పితే

ఏకాంతం బాగుందని రాసేటప్పుడు రెండోవైపు చెప్పకపోతే అబద్ధమవుతుంది. 2013 జులైలో మెయిన్‌లో 66 ఏళ్ల రిటైర్డ్ నర్సు ఒకామె కాలకృత్యాల కోసం బాట వదిలి చెట్లలోకి వెళ్లింది. తిరిగి బాట కనబడలేదు. అంతకుముందు తోడు నడిచిన స్నేహితురాలు ఇంట్లో అవసరమొచ్చి అప్పటికే వెళ్లిపోయింది. నర్సు భర్త కారులో ముందు వెళ్లి రోడ్డు దగ్గర ఎదురుచూస్తున్నాడు. భర్తకు పంపిన మెసేజ్‌లు సిగ్నల్ లేక వెళ్లలేదు. గుడారం వేసుకుని ఎదురుచూసింది. ఎంతోమంది వెతికారు. రెండేళ్ల తర్వాత, 2015 అక్టోబర్‌లో గుడారం దొరికింది, బాటకు మూడు కిలోమీటర్లలోపే. ఆమె నోటుపుస్తకంలో ఆఖరి తేదీని బట్టి నాలుగు వారాల దాకా బతికే ఉందని తేలింది.

మనుషుల వల్ల వచ్చే ప్రమాదం అరుదు, కానీ లేకపోలేదు. 1996లో షెనాండోవాలోనే గుడారంలో ఉన్న ఇద్దరు యువతుల్ని ఎవరో చంపారు. డీఎన్‌ఏ ఆధారంగా హంతకుడెవరో ఎఫ్‌బీఐ ప్రకటించేసరికి 2024 వచ్చింది. అతను 2018లోనే వేరే కేసులో జైల్లో చనిపోయాడు. ఒంటరిగా నడిచే ఆడవాళ్లు ఈ సంగతి తెలిసే నడుస్తున్నారు. మకాం రోడ్డుకు దూరంగా పెట్టుకుంటారు, ఎక్కడ పడుకుంటున్నదీ ఎదురైనవాళ్లకు చెప్పరు, ఉపగ్రహంతో పనిచేసే చిన్న పరికరాన్ని భుజం పట్టీకి తగిలించుకుంటారు. మగవాడి ఏకాంతానికి ఇన్ని జాగ్రత్తలు అక్కర్లేదు. ఎవరికీ ఏమీ కానక్కర్లేదని నేను సులువుగా రాసేశాను గానీ, ఆ హాయి అందరికీ ఒకే ధరకు దొరకదు.

మన నడకలు

మనకు దూరపు నడక కొత్త కాదు. అలిపిరి మెట్లున్నాయి. ఉగాదికి, శివరాత్రికి నల్లమల అడవి దాటి శ్రీశైలం చేరే భక్తులున్నారు, కన్నడ దేశం నుంచి వందల కిలోమీటర్లు నడిచొచ్చేవాళ్లు కూడా అందులో ఉంటారు. కానీ మన నడకలన్నీ గుంపులో నడకలే. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయల్దేరి కాశీ చూసి, మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామి గారు శ్రీశైలం అడవి కూడా దాటారు. పల్లకీ, బోయీలు, పరివారం, వంటవాళ్లు, ఓ ఊరే కదిలింది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్న రోజుల్లో ఒంటరిగా పోవడం ధైర్యం కాదు, తెలివితక్కువ. అడవికి ఒంటరిగా వెళ్లేది మునులు, లేదా ఊరు వెలేసినవాళ్లు. సరదాకు వెళ్లేవాళ్లు మన కథల్లో కనబడరు. ఇప్పటి కుర్రకారు హిమాలయాలకు వెళ్తున్నారు. అదీ ట్రెక్కింగ్ కంపెనీ వెంట, ఇరవై మంది బ్యాచ్‌లో, సాయంత్రానికి సూప్ సిద్ధంగా. నల్లమల లాంటి పులుల అడవిలో ఒంటరిగా గుడారం వేస్తానంటే అటవీ శాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. నేపాల్ కూడా 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లు గైడ్ లేకుండా నడవకూడదంది.

కాబట్టి ఒంటరిగా నడిచి చూడాలన్న కోరిక ఉన్న తెలుగువాళ్లలో, అమెరికా తూర్పుతీరంలో ఉన్నవాళ్లకు అదృష్టం గడప దగ్గరే ఉంది. అట్లాంటావాళ్లకు స్ప్రింగర్ కొండ, న్యూజెర్సీవాళ్లకు ఇంటి వెనకాలే బాట, వర్జీనియావాళ్లకు షెనాండోవా. మార్చి, ఏప్రిల్ నెలల్లో జార్జియా వైపు పోకండి. మొత్తం బాట నడవాలని బయల్దేరేవాళ్లంతా అప్పుడే అక్కడ కిక్కిరిసి, షెల్టర్లలో చోటు దొరకదు. ఆ రద్దీ తగ్గించడానికే మధ్యలో హార్పర్స్ ఫెర్రీ నుంచి మొదలుపెట్టి రెండు ముక్కలుగా నడవమని నిర్వాహకులు ప్రోత్సహిస్తున్నారు. షెనాండోవాలో అయితే ఆకులు రాలిపోయిన నవంబర్ మొదటి వారాలు మేలు. ఫొటోలవాళ్లు ఉండరు, ఆకులడ్డం లేక లోయలు కనబడతాయి. వారం మధ్యలో సెలవు పెట్టండి. మొదటిసారి ఒక్క రాత్రి చాలు.

ఎక్కడ మొదలై ఎక్కడ తేలేదీ, ఏ రోజు ఏ గంటకు రాకపోతే పార్కువాళ్లకు ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించి వెళ్లండి. ఈలోపు నాకు ఫోన్ చేయకండి అని కూడా కింద రాయండి. అమ్మ ఎలాగూ చేస్తుంది.